మే నెలలో చూసిన సైటు

మా ఆఫీసులో నూజివీడు తనిఖీలన్నీ మే నెలలోనే పడేవి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మిగతా పదకొండు నెలలూ ఆ దారి ఎటో కూడా గుర్తుండని పెద్దలకి, మామిడి రసాలు దిగే వేళకి మాత్రం అక్కడి పనుల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చేది. జీపు వెళ్లేటప్పుడు ఫైళ్లతో వెళ్లేది, వచ్చేటప్పుడు బుట్టలతో వచ్చేది. నేనేమీ మడి కట్టుకుని కూర్చోలేదు. నేనూ తిన్నాను, ఇంటికీ తెచ్చుకున్నాను. ఆ అలవాటు వల్లే నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. సోలార్ ప్రాజెక్టుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకి చెప్పదగ్గది నా దగ్గర ఏదైనా ఉంటే అది ఆ తప్పే. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో మీకెందుకు, మా ఇంట్లోవాళ్లే వినరు.

మేం చేసిన పని

ఎనభైల నాటి మాట ఇది. ఇప్పుడు మీరు వందల ఎకరాల్లో పరుస్తున్న సోలార్ పలకలు అప్పట్లో మాకు ఇరవై నాలుగు దొరికితే పండగ. వాటికి ఒక పంపు, ఒక నీళ్ల ట్యాంకు. ప్లాంటు మొత్తం ఒక పెంకుటింటి వాకిట్లో పట్టేది. ప్లాంటు చిన్నదైనా కాగితం చిన్నది కాదు. సైటు చూడాలి, అంచనా వెయ్యాలి, టెండరు పత్రాలు రాయాలి, కంపెనీలు అడిగే సందేహాలకి రాతపూర్వకంగా జవాబులివ్వాలి, వచ్చిన కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడాలి. బెజవాడ ఆఫీసులో ఒక మూల గదిలో ముగ్గురం కూర్చుని ఇదంతా చేసేవాళ్లం. ఆ గదిలో ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరేవి, ఆపితే చెమటకి తడిసేవి. ఆ గది గుర్తొస్తే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

సోలార్ టెండరు ఎలా రాయాలో మాకు నేర్పినవాళ్లెవరూ లేరు. చూసి రాద్దామంటే పాత నమూనా లేదు. అందుకని డీజిల్ జనరేటరు టెండరు తీసుకుని, 'డీజిల్' అన్నచోటల్లా 'సోలార్' అని మార్చి టైపు చేయించాం. ఒకచోట సైలెన్సరు ఉండిపోయింది. పలకలకి సైలెన్సరేమిటి నా తలకాయ! వచ్చిన కంపెనీల్లో ఒకటి, అడిగారు కదా అని, దానికి కూడా బుద్ధిగా ధర వేసి పంపింది.

అప్పుడు మా పెద్ద ఇంజినీరు రామశేషు గారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. కుర్చీ చూపించి, టెండరంతా పైకి చదవమన్నారు. అరవై పేజీలు. గొంతు ఎండిపోయింది. చదవడం అయ్యాక ఆయన అన్నది ఒకే ముక్క: "నీ నోటికి అడ్డం పడ్డ ప్రతి వాక్యం రేపు పనికి అడ్డం పడుతుందయ్యా." ఆ తర్వాత నా చేతి కింద రాసిన ఏ టెండరూ పైకి చదవకుండా బయటికి పోలేదు. మీరూ చదవండి. కంప్యూటరు ఉందని చదవడం మానకండి.

ఇంకోటి కూడా చెప్పి అసలు సంగతికి వస్తాను. పలక మీది అద్దం వడగళ్లకి తట్టుకోవాలని విదేశీ పత్రం చూసి ఒక షరతు రాశాం. మామిడితోటలో వడగళ్లు ఎన్నేళ్లకోసారి పడతాయి? కాపలావాళ్లు చిలకల్ని తోలడానికి వడిసెల తిప్పి విసిరే రాళ్లు మాత్రం రోజూ పడతాయి. మొదటి వేసవిలోనే ఒక పలక పగిలింది. కాపలాదారుణ్ణి అడిగితే, చిలక అటే పోయిందండీ, నేనేం చెయ్యను, అన్నాడు. వాడి మాటా నిజమే. అప్పటినుంచి ప్లాంటు చుట్టూ వలకంచె ఉండాలని టెండర్లలో రాసుకున్నాం.

నా కాళ్ల కింద నీడ

నూజివీడు నుంచి మైలవరం వెళ్లే దారికి కొంచెం లోపలగా ఒక పల్లె. పేరు రాయను. ఊళ్లో కరెంటు ఉంది గానీ ఊరి చివర కాలనీ దాకా స్తంభాలు రాలేదు. ముప్ఫై ఇళ్ల ఆడవాళ్లు తాగేనీళ్ల కోసం మైలు దూరం నడిచేవాళ్లు. ఆ కాలనీకి సోలార్ పంపు పెట్టాలని పై నుంచి మంజూరు వచ్చింది.

స్థలం ఇచ్చింది వెంకాయమ్మ గారు. భర్త పోయాక పద్దెనిమిది చెట్ల మామిడితోట తనే చూసుకుంటున్న మనిషి. ఉన్నదంతా ఆ తోటే. దాని ఉత్తరం గట్టున అయిదు సెంట్లు ఊరికే రాసిచ్చింది. కాలనీ ఆడవాళ్లు తన తోటలో పనికొస్తారు, వాళ్లు నీళ్లకి పోయి ఆలస్యంగా వస్తే తనకే నష్టమని నవ్వుతూ చెప్పింది. అది పైకి చెప్పిన కారణమని అక్కడున్న అందరికీ తెలుసు.

మే రెండో వారంలో వెళ్లాం, ఇంకెప్పుడు వెళతాం! రామశేషు గారు, నేను. వెంకాయమ్మ గారు రెండు చోట్లు చూపించింది. ఒకటి చెట్లకి దగ్గరగా, దారి పక్కన. రెండోది నీళ్ల బోదె దాటి అరవై అడుగులు లోపలికి, బయలుగా ఉన్న చోటు. జీపు మొదటి దాని దాకా నేరుగా వచ్చింది. రెండోదాని దాకా నడవాలి. ఎండ మాడు పగలగొడుతోంది.

"చెట్ల పక్కన పర్లేదా బాబూ?" అని ఆవిడే అడిగింది.

చదువుకున్నవాణ్ణి కదా, ఆవిడకి సైన్సు చెబుదామనిపించింది. గడియారం చూశాను, సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఎండలోకి పోయి నిలబడి, నా నీడ నా కాళ్ల కిందే ఎలా ఉందో చూపించాను. సూర్యుడు నడినెత్తినే ఉంటాడమ్మా, చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది, మీరేమీ బెంగపడకండి అన్నాను. ఆవిడ తల ఊపింది. రామశేషు గారు సంతోషించారు. అక్కడే నాలుగు మేకులు పాతించి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, జీపెక్కాం. ఆ మజ్జిగలో వేసిన పచ్చిమామిడి తురుము రుచి నాకిప్పటికీ నాలుక మీదుంది. మేకుల సంగతి తలుచుకుంటే ఆ రుచి పోతుంది.

సెల్వం అడిగిన ప్రశ్న

టెండరు వేసే ముందు కంపెనీలవాళ్లందరినీ పిలిచి సందేహాలు అడగమనడం ఆనవాయితీ. చాలామంది డబ్బు ఎప్పుడిస్తారనే అడుగుతారు. ఆ రోజు మద్రాసు వైపు నుంచి వచ్చిన సెల్వం అనే కుర్ర ఇంజినీరు లేచి, వచ్చీరాని తెలుగులో, డిసెంబరులో చెట్ల నీడ ఎంతదాకా పడుతుందో కొలిచారా సార్, అని అడిగాడు.

కొలవలేదు. ఆ మాట అనొచ్చు. అందరి ముందూ అనలేకపోయాను. సైటు మేం స్వయంగా చూశాం, నీడ సమస్య లేదు, అన్నాను. అతను రాసివ్వమన్నాడు. నాకు ఒళ్లు మండింది. టైపు చేయించి, సంతకం పెట్టి మరీ ఇచ్చాను. చివరికి పని వాళ్ల కంపెనీకే వచ్చింది. దసరా దాటాక మేం పాతిన మేకుల దగ్గరే, అంగుళం తేడా లేకుండా, పలకలు నిలబెట్టారు.

అడిగినవాడి మీద కోపం వచ్చిందంటే ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబు లేదని అర్థం. నాకిది తెలియడానికి సగం ఉద్యోగం పట్టింది.

పుష్యమాసపు ఎండ

కార్తీకంలో పంపు తిప్పిన రోజు కాలనీ అంతా వచ్చింది. ఎండ తప్ప ఇంకేదీ లేకుండా గొట్టంలోంచి నీళ్లు దూకుతుంటే ఒక ముసలాయన దోసిలి పట్టి తాగి, చల్లగానే ఉన్నాయే, అన్నాడు. ఎండతో వచ్చిన నీళ్లు వేడిగా ఉంటాయనుకున్నాడట. అందరం నవ్వాం. నా ఉద్యోగం మొత్తంలో అంత హాయిగా నవ్విన రోజు ఇంకోటి లేదేమో.

డిసెంబరు నెలాఖరుకి ఫిర్యాదు వచ్చింది. పొద్దున పంపు తిరగడం లేదు, మధ్యాహ్నం దాటాక కాస్త తిరుగుతుంది, ట్యాంకు సగం కూడా నిండటం లేదు, మళ్లీ బిందెలెత్తుకుని మైలు నడుస్తున్నారు. మోటారు చెడి ఉంటుందని సెల్వాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

తొమ్మిదింటికి అక్కడున్నాం. తోటంతా పూత. ఆ వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పలేను. ఆగ్నేయం మూలనున్న మూడు చిన్నరసాల చెట్ల నీడ, చాప పరిచినట్టు, పలకల మీద పడి ఉంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి వెళతాడని బళ్లో పిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. మే నెలలో గుర్తు రాలేదు, అంతే. నీడ పడని పలకలు కూడా ఎందుకు పనిచెయ్యడం లేదని ఊరివాళ్లు అడిగారు. పలకలన్నీ ఒకదానికొకటి వరసగా కలిపి ఉంటాయి. నీళ్ల గొట్టాన్ని ఒక్కచోట కాలితో తొక్కితే చివరిదాకా నీళ్లు ఆగిపోయినట్టే ఇదీను.

 సెల్వం ఒక కర్ర పాతి, అరగంటకోసారి నీడ కొస దగ్గర గులకరాయి పెడుతూ కూర్చున్నాడు. నీడ పలకల్ని పూర్తిగా వదిలేసరికి పదకొండున్నర అయింది. మీరు అడిగింది నిజమైంది, గట్టిగా ఎందుకు చెప్పలేదు, అని నేనే అడిగాను.

"నేను అడిగాను సార్. మీరు రాసి ఇచ్చారు," అన్నాడు.

పూత మీద మాట

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తప్పు నాదని తెలిసి కూడా, పలకలు జరపడం కన్నా చెట్లు కొట్టడం తేలిక కదా అనిపించింది. పలకలు జరపాలంటే కొత్త అంచనా, కొత్త మంజూరు, తప్పు ఎవరిదన్న విచారణ. చెట్లకైతే ఒక గొడ్డలి చాలు. వెంకాయమ్మ గారి దగ్గరికి వెళ్లి, ఆ మూడు చెట్లూ తీసేస్తే కాలనీకి నీళ్ల ఇబ్బంది ఉండదమ్మా అన్నాను.

ఆవిడ చెట్ల వంక చూసింది.

"ఇప్పుడు కుదరదు బాబూ. పూత మీదే షావుకారుకి ఇచ్చేశా. ఈ కాపు ఆయనది. కొమ్మ విరిచినా నేను మాట తప్పినట్టే."

ఆ ప్రాంతంలో పద్ధతి అది. పూత చూసి నూజివీడు వర్తకులు తోట మాట్లాడుకుంటారు. ఆ తర్వాత గాలివాన వచ్చినా, కాయ రాలినా, ధర పెరిగినా ఎవరూ మాట వెనక్కి తీసుకోరు. కాగితం ఉండదు. మేమేమో అరవై పేజీల టెండరు రాసేవాళ్లం.

ఆవిడ మళ్లీ అంది: "కాయ దిగనివ్వండి. దిగాక నేనే కొట్టిస్తా."

మీకు బాధగా లేదా అని అడిగాను. అడగకూడని ప్రశ్న.

"ఎందుకుండదు? మూడు వేసవులు బిందెలతో మోసి పోశా ఆ మొక్కలకి. మరి వాళ్లూ మోస్తున్నారుగా."

తిరుగు ప్రయాణంలో జీపులో అదే ఆలోచన. పద్దెనిమిది చెట్లతో బతికే మనిషి, నేను ఎండలో నిలబడి చూపించిన గొప్పకి, మూడు చెట్లు వదులుకుంటానంటోంది. ఎంత తిప్పి చూసినా నాకు అదొక్కటే కనిపించింది.

ఆరు నకళ్లు

మర్నాడు రామశేషు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలుపు వేయించి, కంపెనీ వాళ్లు మేకులున్నచోట కాక వేరేచోట పెట్టారని రాసెయ్యమన్నారు. తప్పు మనదని ఒప్పుకుంటే రేపు మన ప్రతి ఫైలూ తిరగేస్తారయ్యా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పినవాడు, తన కింద పనిచేసేవాళ్లని కాపాడుకునే మనిషి. కాపాడుకోవడంలో ఎదుటివాడు ఏమవుతాడో చూడడు, అదే ఆయనలోని లోపం. అలా రాస్తే సెల్వం ఉద్యోగం పోతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

రాయలేనండీ అన్నాను.  సైటు మే నెలలో చూశాను, నీడ కొలవలేదు, అడిగితే తప్పు జవాబిచ్చాను, పలకల్ని బోదె దాటి అరవై అడుగులు జరపాలి, చెట్లు కొట్టనక్కర్లేదు, అని ఉత్తరం రాసి సంతకం పెట్టాను. పైవాళ్లకి ఒకటి, కంపెనీకి ఒకటి, జిల్లా ఆఫీసుకి ఒకటి, అలా ఆరుగురికి నకళ్లు. రామశేషు గారు రెండు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. నాకు మెమో వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఉత్తరం రాసినందుకు నా భుజం నేనే తట్టుకుంటూ తిరిగాను. ఇంట్లో చెప్పాను, స్నేహితులకి చెప్పాను.

మంజూరు రావడానికి అయిదు నెలలు పట్టింది. పలకలు జరిపే కూలి తమదేనని సెల్వం వాళ్ల కంపెనీ ఒప్పుకుంది. జూన్ మొదటి వారంలో, ఇంకా వాన పడకముందే, ఆ కాగితం జేబులో పెట్టుకుని సెల్వంతో కలిసి బయల్దేరాను. నూజివీడులో ఆగి టిఫిన్ చేశాం. అతను తెలుగు బాగా నేర్చుకున్నాడు. దారిపొడుగునా నవ్వుకుంటూనే వెళ్లాం.

జీపు మలుపు తిరిగింది. ప్లాంటు వెనకాల ఆకాశం కనిపించింది. ఆగ్నేయం మూల మూడు మొదళ్లు ఉన్నాయి. తెల్లగా, ఇంకా జిగురు కారుతూ. కొమ్మలు కూడా తీసుకుపోయారు, చుట్టూ ఆకు మాత్రం మిగిలింది.

వెంకాయమ్మ గారు మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. కాయ దిగిన వారానికే కొట్టించానని, వానలు మొదలైతే కలప బండి దిగబడుద్దని, ఈ చలికాలం ఇక నీళ్లకి ఢోకా ఉండదని గబగబా చెప్పింది. మాట నిలబెట్టుకున్న మనిషికి ఉండే తృప్తి ఆవిడ మొహంలో ఉంది. నేను జేబులోంచి కాగితం తీశాను. తియ్యకుండా ఉండొచ్చు, ఆవిడ ఎప్పటికీ తెలుసుకునేది కాదు. కానీ అది దాస్తే ఇక నేను రాసిన ఉత్తరానికి అర్థమేముంది? పలకలే జరుపుతున్నామమ్మా, చెట్లు కొట్టక్కర్లేదని జనవరిలోనే రాశాను, అని చెప్పాను.

ఆవిడ ఆ కాగితం అందుకుని, చదవడం రాకపోయినా, అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత నాకే తిరిగి ఇచ్చేసింది.

"ఒక్క కార్డు ముక్క రాస్తే ఆగేదాన్నిగా బాబూ," అంది. "చదివిపెట్టేవాళ్లు ఉన్నారు మాకు."

సెల్వం మొహం అటు తిప్పుకున్నాడు. నేను కాగితం మళ్లీ జేబులో పెట్టుకున్నాను. పలకలు జరపలేదు, జరపాల్సిన అవసరమే లేకపోయింది. ఆ పుష్యంలో పొద్దున్నుంచే పంపు తిరుగుతోందని, ట్యాంకు నిండుతోందని కబురొచ్చింది. మా ఆఫీసు దాన్ని బాగా నడుస్తున్న పథకాల్లో చేర్చుకుంది.

ఆరుగురికి నకళ్లు పంపాను. కార్డు పదిహేను పైసలు ఆ రోజుల్లో. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడకి చెప్పాలని నాకు తట్టలేదు. వేరే కారణమేమీ లేదు.